గుడ్డలో చుట్టిన పెళ్ళిపాట

తొంభైల చివర్లో పాత గ్రామఫోన్ రికార్డుల పిచ్చితో కోనసీమ ఊళ్ళన్నీ తిరిగేవాణ్ణి. ఓ జాలరిపేటలో, మైకుసెట్టు అద్దెకిచ్చే పెద్దాయన పెట్టెలో, నేను ఏళ్ళుగా వెతుకుతున్న పెళ్ళిపాట రికార్డు విడిగా గుడ్డలో చుట్టి కనిపించింది. ఆయన లోపలుండగానే, కొనేముందు వినే అలవాటు కొద్దీ నా బ్యాటరీ ప్లేయర్ మీద పెట్టేశాను.

పల్లవి పూర్తవకుండానే ఎదురింటావిడ గుండెలు బాదుకుంటూ వచ్చి గుమ్మంలో కూలబడింది. పెద్దాయన పరుగున వచ్చి ముల్లు ఎత్తేశారు.

"ఈవిడ కూతురి పెళ్ళికి ఇదే వేశానండి. ఆ రోజే తుఫానొస్తుందని గవర్నమెంటోళ్ళు జీపులో చెప్పుకుంటూ వెళ్ళారంట. నా మైకు హోరులో ఎవరికీ వినపడలేదు. పెళ్ళికూతుర్నే ఉప్పెన పట్టుకుపోయింది."

"మరి పగలగొట్టెయ్యలేకపోయారా?"

"ఈవిడే పగలగొట్టనివ్వదండి."

ఆవిడ లేచి, రికార్డుని కొంగుతో తుడిచి, తనే మళ్ళీ గుడ్డలో చుట్టింది. ఇప్పటికీ ఎవరింట్లోనైనా విడిగా చుట్టి దాచిన రికార్డు కనబడితే నేను ముట్టుకోను.