డెక్ పగిలిన ఉదయం

అమెరికా నేవీలో చేరి, జనవరిలో నార్‌ఫోక్ రేవుకు చేరాను. చలి, సన్నటి వాన, భుజాన బరువు సంచి. నా డ్యూటీ వెల్డింగ్. ఓడ నాకంటే వయసులో పెద్దదైన క్రూయిజర్ యుద్ధనౌక.

మా వెల్డింగ్ జట్టు ఛీఫ్‌కి ఒకటే పిచ్చి: రెండు ప్రపంచ యుద్ధాల మధ్య జర్మనీ కట్టిన లైట్ క్రూయిజర్లు. "యుద్ధం ఓడాక చేసిన ఒప్పందం ఓడల బరువుకి హద్దు పెట్టింది. వాళ్లు రివెట్లు తగ్గించి వెల్డింగ్ పట్టారు. ఓడ తేలికైంది. శిక్షణ కేడెట్లతో మహాసముద్రంలోకి వెళ్తే ఓడ ఒళ్లే పగిలింది," అనేవాడు. అన్నం తినేటప్పుడూ ఇదే గోల. నాకు విసుగు.

మార్చిలో అట్లాంటిక్ మధ్య తుఫాను పట్టుకుంది. ఉదయం తొమ్మిదిన్నరకి ఫోన్ మోగింది. కింద స్విచ్‌బోర్డ్ గదిలోని ఎలక్ట్రీషియన్. వరంగల్ నుంచి ఎం.ఎస్.కి వచ్చి, సిటిజన్ అయ్యాక నేవీలో చేరాడు. ఓడలో నాతో తెలుగు మాట్లాడేది ఆయనొక్కడే.

"తమ్మీ, పైకెల్లి నీళ్లు కారుతున్నయ్. కప్పు లైనింగ్ పీకి చూసిన, డెక్ పలిగింది. జల్ది రా."

"నువ్వు బయటికొచ్చెయ్ అన్నా!"

"ఎట్లొస్త? బోర్డు తడిస్తే పవర్ బంద్."

పవర్ పోతే చుక్కాని పనిచేయదు. ఆ అలల్లో ఓడ అడ్డం తిరుగుతుంది. అన్న కరెంటు పక్కన నీళ్లలో ఉన్నాడు. నాకు చచ్చేంత భయమేసింది.

ఛీఫూ నేనూ ఆ గది పైన నడవాలోకి పరిగెత్తాం; అన్న గది కప్పే మా కాళ్ల కింది డెక్. పగులు చివర చిన్న రంధ్రం వేస్తే అది అక్కడే ఆగుతుంది. ఛీఫ్ చూపించిన చోట వేశాను. అల కొట్టింది. పగులు రంధ్రం అవతల కనిపించింది.

"పెయింట్ గీకు! అసలు చివర దాని కింద ఉంది," అని ఛీఫ్ అరిచి బ్రిడ్జికి ఫోన్ చేశాడు. "స్పీడ్ తగ్గించండి."

"నేవీ విన్యాసాల ఎక్సర్‌సైజ్‌కి టైముకి చేరాలి ఛీఫ్," అంది ఫోన్లో ఆఫీసర్ గొంతు.

"జర్మన్లూ అలాగే అనుకున్నారు సార్."

ఛీఫ్ ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఇంజిన్ల మోత తగ్గింది. రేకు బయటపడేదాకా గీకి రెండో రంధ్రం వేశాను. పగులు ఆగింది.

మేలో నార్త్ కరోలినాలోని మా ఊరు క్యారీకి తిరిగొచ్చాను. ఇంటికొచ్చిన ఒక ఆంటీ, "మిస్సైల్స్ పేల్చావా బాబూ?" అంది.

"లేదాంటీ, పెయింట్ గీకాను."

అందరూ నవ్వారు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఇప్పటికీ ఒకచోట కుదురుగా ఉండలేను. కారు తీసి ఊరికే తిరుగుతాను.

గీకుతున్నప్పుడు చూసిందే కళ్లముందు. ప్రతి అలకీ పగులు గోరు మందాన తెరుచుకునేది. కింది గది లైటు అందులోంచి సన్నని గీతలా వచ్చేది. మధ్యమధ్య ఆ గీత చీకటయ్యేది. రెండు చేతులతో రబ్బరు షీటు ఎత్తిపట్టుకుని, బోర్డు తడవకుండా అన్న దాని కింద అటూ ఇటూ తిరుగుతున్నాడు.