ఊక వెయ్యని ఐసు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికీ కుదురన్నది ఉండేది కాదు. దానికి కారణం ఆటోనగర్ నుంచి హార్బరుకు వెళ్ళే దారిలో ఉన్న రైల్వే గేటు. గేటుకు ఇవతల మా తాతయ్య ఐసు ఫ్యాక్టరీ. అవతల, ఆ ఐసు కోసం ఎదురుచూసే చేపల వేట పడవలు. మధ్యలో గూడ్సు బండ్లు. బొగ్గు పెట్టెలు ముందుకు వెళ్ళేవి, ఆగేవి, ఏదో మరిచిపోయినట్టు మళ్ళీ వెనక్కి వచ్చేవి. ఆలోగా లారీలోని ఐసు కరిగి రోడ్డు మీద కాలవ కట్టేది. పడవలవాళ్ళు మాత్రం ఎంతకని చూస్తారు? ఒక్కొక్కరే వేరే చోట ఐసు కొనుక్కోవడం మొదలుపెట్టారు. గేటు మీదుగా వంతెన రాకపోతే ఫ్యాక్టరీ మూసెయ్యాల్సిందే. అది తెలిసినప్పటి నుంచి మేం అన్నం తింటూ కూడా గేటు గంట వైపే చెవులు పెట్టేవాళ్ళం.

తొంభైల్లో ఒక ఎండాకాలం, వంతెన అవసరమో కాదో చూసి వెళ్ళడానికి పెద్ద అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయిన మా వర్తక సంఘంవాళ్ళు పెళ్ళివారు వస్తున్నంత హడావుడి చేశారు. రోడ్డు గుంతలు పూడ్చారు, నీళ్ళు చల్లారు, గేటుకు అవతల షామియానా వేయించారు. ఆ పూట లారీలేవీ రోడ్డెక్కకూడదని కూడా చెప్పేశారు.

తాతయ్యకు ఒళ్ళు మండిపోయింది. "ఏటి బావా మీరు సేత్తన్న పని? సుట్టానికి సూపించినట్టు సూపిత్తే, సుట్టంలాగే కాఫీ తాగి ఎల్పోతాడు" అని సంఘం పెద్దతో దెబ్బలాడాడు. గుంతల్లో నడిపిస్తే మన పరువేమైపోతుందని ఆ పెద్దమనిషి వాదన. ఎంతకీ తెగకపోయేసరికి తాతయ్య హఠాత్తుగా నెమ్మదించి, అధికారికి నిమ్మరసం ఏర్పాటు తాను చూసుకుంటానన్నాడు. నెమ్మదించిన తాతయ్యను చూస్తే మా నాయనమ్మకు ఎప్పుడూ భయమే.

ఆ రోజు చేపల తట్ట నిండా పొడి కొట్టిన ఐసు పోసి ట్రాలీ ఆటోలో పెట్టించాడు. పక్కన నన్ను కూర్చోబెట్టాడు. మా ఫ్యాక్టరీలో త్వరగా కరిగిపోకుండా ఐసు మీద ఊక పోసి గోనె కప్పకుండా గుమ్మం దాటించరు. ఆ రోజు ఊకా లేదు, గోనే లేదు. మరిచిపోయాడనుకుని గుర్తుచేశాను.

"ఎయ్యొద్దే గుంటా. గేటు తీసేక తిన్నగా నా కాడికి అట్టుకొచ్చీ" అని, తాను ముందుగా సైకిలెక్కి అవతలికి వెళ్ళిపోయాడు.

మేం గేటు దగ్గరికి వెళ్ళేసరికి అది పడిపోయింది. మధ్యాహ్నం బొగ్గు బండి వచ్చే వేళ. అది మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలిసిన వేళే, కానీ నాకు ఆ క్షణంలో తట్టలేదు. నా కళ్ళన్నీ తట్ట మీదే. అడుగు నుంచి నీళ్ళు ధార కట్టాయి. నా గౌను అంచు చాలదని చేతులు ఐసుకు ఆనించి అడ్డం పెట్టాను. వేళ్ళు కొంకర్లు పోయాయి గానీ ఎండ ఆగలేదు. తాతయ్య పరువు నా చేతుల్లోనే కారిపోతోందని ఏడుపొచ్చేసింది. ఆటో అన్న మాత్రం బీడీ కాల్చుకుంటూ "ఊరుకో పాపా, తీత్తారులే" అంటున్నాడు.

కిందికి దిగి వంగి చూశాను. బండి చక్రాల సందుల్లోంచి అవతల నల్లగా మెరుస్తున్న బూట్లు కనిపించాయి. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. కాసేపు ఆగి, మళ్ళీ మొదలు. ఆ పక్కనే తాతయ్య అరిగిపోయిన చెప్పులు, కదలకుండా.

గేటు లేచాక తాతయ్య తట్టను తానే దించుకుని అధికారి ముందు వంచాడు. గుప్పెడు ముక్కలు, మిగతా తడి. నిమ్మరసం గిన్నె పక్కనే వేడెక్కి ఉంది.

"బాబూ, తవరికి నిమ్మరసం సల్లగా ఇద్దారనుకున్నాం. ఇదిగో, ఇంతే మిగిలింది. మా పడవలోళ్ళకి రోజూ అందేదీ ఇలాటిదే."

సంఘం పెద్ద తల పట్టుకున్నాడు. అధికారి చెమట తుడుచుకుని ఒక ముక్క అరచేతిలోకి తీసుకున్నాడు. అది పూర్తిగా కరిగేదాకా అలాగే పట్టుకున్నాడు. తర్వాత గేటు దగ్గరికి నడిచివెళ్ళి, గేటుమనిషితో చాలాసేపు మాట్లాడాడు.

తిరిగొస్తుంటే తాతయ్యను అడిగాను, ఊక వెయ్యకపోవడం మోసం కాదా అని.

"ఊకేసినా కరుగుతాదే గుంటా. మెల్లగా కరుగుతాది. ఆ బాబుకి అంత తీరికెక్కడిది?"

వంతెన వచ్చింది, కానీ ఎన్నో ఏళ్ళకు. అప్పటికి ఫ్యాక్టరీ మూతపడి, ఆ చోట టైర్ల షెడ్డు లేచింది. వంతెన తెరిచిన రోజున తాతయ్య ఎక్కడో కొని పొడి కొట్టించిన ఐసును తట్టలో పోయించుకుని నా స్కూటీ వెనకెక్కాడు. ఊక వెయ్యలేదు. కింద గేటు పడే ఉంది. మేం పైనుంచి ఆగకుండా హార్బరుకు వెళ్ళిపోయాం. ఒకప్పుడు మా ఐసే కొన్న పడవాయన చేతిలో తాతయ్య ఆ తట్ట పెట్టాడు. "సూడరా, తట్ట నిండుగా అట్టుకొచ్చినాను" అన్నాడు. ఆయన తట్టకు దణ్ణం పెట్టాడు. అక్కడే నిలబడి నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇప్పుడు ఆటోనగర్‌లో నాదొక లారీల ఆఫీసు. సంఘం మీటింగుల్లో రోడ్ల కోసం గొడవపడేది ఎక్కువగా నేనే. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడు, గుంతలు పూడ్చేద్దాం అన్నప్పుడల్లా నా వేళ్ళు చల్లగా కొంకర్లు పోతాయి. ఇక కుర్చీలో కూర్చోలేను. లేచి నిలబడి, వద్దంటాను.