తడిగుడ్డకు కరిగిన తామర: తిరుపతి నుంచి పాకాలకు ఒక రోజు

తప్పు ఎవరిదో ముందే చెప్పేస్తాను. తిరుపతిలో మేం పటం కొన్న దుకాణం యజమానిది. పటం వెనక, దాన్ని చేసినామె పెన్సిలుతో రాసిన రెండు వరుసల మీద అతను తన దుకాణం లేబులు అంటించాడు. ఒక వరుసలో ఆమె పేరు, ఇంకో వరుసలో కొన్నవాళ్లకు ఆమె చెప్పిన జాగ్రత్త. రెండూ మూసేశాడు. దాని ఫలితంగా మా అమ్మ పది రోజుల పాటు దేవుడి గూటి ముందుకు పోవడం మానేసింది.

అది అలమేలు మంగమ్మ పటం. మామూలు క్యాలెండరు అచ్చుబొమ్మనే గట్టి అట్టకు అంటించి, హారాలు, చీర అంచు, చేతుల్లో తామరపూలు ఉబ్బెత్తుగా లేపి, రాళ్లు పొదిగి, బంగారు రంగు పూసి ఉంటుంది. అద్దం ఉండదు. ‘ఎత్తు పనికి అద్దమెందుకు, వెలుతురు పడితేనే అందం’ అని దుకాణంలో చెప్పారు. మా అమ్మ ముప్పై ఏళ్లుగా ప్రతి శుక్రవారం పటాలన్నీ దించి, తడిగుడ్డతో తుడిచి, పసుపు కుంకుమ పెడుతుంది. అవన్నీ అద్దాల పటాలు. కొత్తదాన్నీ అలాగే తుడిచింది. మూడో శుక్రవారం అమ్మవారి కుడిచేతి తామర మెత్తబడి, గుడ్డ వెంట జారి, మోచేతి దాకా తెల్లటి చారికై పోయింది. “నా చేత్తో నేనే అమ్మవారి చేతిలో పువ్వు చెరిపేసినాను రా” అని అమ్మ అక్కడే కూలబడింది.

నేను పూజలు చేసే మనిషిని కాను. ఫుట్‌పాత్ మీద రూపాయికీ రెండు రూపాయలకూ దొరికే పుస్తకాలు, సభల దగ్గర పంచే కరపత్రాలు చదివి పెరిగినవాణ్ణి. అపశకునం లేదు, గిపశకునం లేదు అని అమ్మతో వాదించాను. వాదిస్తే ఏడుపు ఇంకా ఎక్కువైంది. దాంతో పటం చంకన పెట్టుకుని దుకాణానికి పోయాను.

“తడిగుడ్డ పెడితే మేమేం జేస్తామప్పా? మీ అమ్మనడుగు,” అన్నాడు యజమాని.

“పెట్టొద్దని చెప్పినావా?”

“నువ్వు అడిగినావా?”

అతని ఎదుటే పటం తిప్పి ఆ లేబులును గోటితో గీరి పారేశాను. గీరేటప్పుడు దాని కింద రాత ఉంటుందని నాకు తెలియదు. ‘తడి తగలనీయొద్దు. పొడి కుంచెతో దులపాల. మునిరత్నమ్మ, పాకాల.’ అది చదివాక ఇంటికి వచ్చి పదకొండు డిమాండ్లతో ఒక కాగితం రాశాను. మర్నాడు పాకాల బండెక్కాను.

తిరుపతి నుంచి పాకాలకు బస్సులు బోలెడు ఉన్నాయి, ఇరవై రూపాయలవుతుంది. నేను మాత్రం కాట్పాడి వైపు పోయే పాసింజరు ఎక్కాను. టికెట్టు ఎనిమిది రూపాయలు. చవకని కాదు, బస్సులో పటం నలిగిపోతుందని. నేను పోయిన రోజు ఏడుంబావుకు కదిలింది, మీరు వెళ్లేముందు స్టేషన్లో ఒకసారి కనుక్కోండి. తువ్వాలులో చుట్టిన పటాన్ని ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఎదురుగా ఖాళీ పూలగంపతో ఒకావిడ కూర్చుంది. చంద్రగిరి దగ్గర తోటల్లో పూలు కొని తిరుపతి మార్కెట్లో అమ్ముతుందట.

“ఏం నాయనా, బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నావు. పటమా?” అంది.

తువ్వాలు తీసి చూపించాను. వంగి చూసి నవ్వింది. “తడిగుడ్డ పెట్టింటారు. మా ఇంట్లో సుబ్రమణ్యస్వామికి నెమిలే ల్యాకుండా పాయె. మా వీధిలో ఇంకా మూడిండ్లలో ఇదే కత.”

“మరి ఎవరూ దుకాణంలో అడగలేదా?”

“ఏమని అడిగేది? తుడిచింది మేమే గదా,” అంటూ గంప నెత్తినెత్తుకుని చంద్రగిరిలో దిగిపోయింది. కోట కొండ కిటికీలోంచి వెనక్కి పోతోంది. ఎన్ని ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్లు తమ తప్పేనని నోరు మూసుకున్నారోనని నా ఒళ్లు మండిపోయింది. కాగితం తీసి పన్నెండో డిమాండు రాయబోయాను గానీ బండి కుదుపుకు అక్షరాలు కుదరలేదు.

గంట దాటాక పాకాలలో దిగాను. స్టేషను బయట అంగట్లో నాలుగిడ్లీ ఆరు రూపాయలు. చట్నీ కారంగా, బాగుంది. అంగడాయన్ని అడిగాను, “అన్నా, పటాలు చేసే మునిరత్నమ్మ ఇల్లు యాడ?”

“రైలుగేటు దాటుకోని నేరుగా పో. దేవుళ్లు వరసగా గోడకానుకోని నిలబడుంటారు సూడు, ఆడే. ఒక్కొక్కరికీ దండం పెట్టుకుంటా పోతే మాత్రం మద్యాన్నమైతాది,” అన్నాడు.

నిజంగానే పంచలో, ఎండ తగలని చోట, ఇరవై దాకా పటాలు గోడకు ఆనించి ఆరుతున్నాయి. నడుమ ఒక పీట ముందు ఆమె కూర్చుని ఉంది. యాభై ఏళ్లుంటాయి. కళ్లజోడు జారకుండా దారంతో కట్టుకుంది. నేను పటం ముందు పెట్టి సంగతి చెప్పాను.

“ఎన్ని శుక్రవారాలు తుడిచిరి?”

“మూడు.”

“మూడిటికి ఆగిందా! అయితే బంక బాగానే కలిపినాను,” అని ఆమె సంతోషపడింది.

నాకు ఆ సంతోషం మింగుడు పడలేదు. నిలబడి నా కాగితం చదవడం మొదలుపెట్టాను. శ్రమ చేసినవారి పేరు పటం ముందువైపే ఉండాలి, లాభంలో సగం ఇవ్వాలి, బహిరంగ క్షమాపణ చెప్పాలి... “సదువు నాయనా, చెవులు ఖాళీగానే ఉండాయి. చేతులు గూడా ఖాళీగుంటే ఈ అట్ట పట్టుకో,” అంది. నాలుగో డిమాండు దగ్గర నేను కింద కూర్చుని అట్ట పట్టుకున్నాను.

పని ఇలా ఉంటుంది. పాత చీర గుడ్డలో జల్లించిన సుద్దపొడిని, ముందురోజే నానేసిన తుమ్మబంకతో కలిపి, దోసెపిండి కంటే కాస్త గట్టిగా నూరుతుంది. ఆ ముద్దను పాలప్యాకెట్ కవరులో నింపి, మూల చిన్నగా కత్తిరించి, గోరింటాకు కోనుతో పెట్టినట్టు అచ్చుబొమ్మ గీతల మీద సన్నగా పిండుతుంది. ఒక వరస ఆరాక దాని మీద ఇంకో వరస, అదీ ఆరాక మూడోది. మూడోది తడిగా ఉండగానే రాళ్లు అద్దుతుంది. చివర బంగారు రంగు. ముఖం జోలికి మాత్రం పోదు. “ముఖం ఎత్తు జేస్తే సూపు మారిపోతాది. అచ్చులో ఎట్టుంటే అట్టే,” అంది. ఫెవికాల్ కలిపితే నీళ్లకు కరగదు కదా అని అడిగాను. ఒకసారి కలిపి చూసిందట. ఆరేకొద్దీ బిగిసి కాగితాన్ని లాగేసి, హారంతో పాటు మెడ కూడా ముడతలు పడిందట.

నాక్కూడా చెయ్యాలనిపించింది. రంగు పోయిన ఒక పాత అచ్చుబొమ్మ ఇచ్చింది. మూడు వరసలు వేసేంత ఓపిక లేక ఒకేసారి లావుగా పిండి, తొందరగా ఆరుతుందని ఎండలో పెట్టాను. అరగంటకు నా హారం ఎండిన చెరువు నేలలా పగుళ్లిచ్చి, ముక్కలు ముక్కలుగా రాలింది.

ఆమె కళ్లజోడు పైకెత్తి మరీ నవ్వింది. “కోపంగా పిండినావు. సుద్దకు తెలిసిపోతాదబ్బా!”

తర్వాత మా పటం తీసుకుంది. వెదురుపుల్లతో పాత సుద్దను కొంచెం కొంచెంగా గీకి, పొడి దూదితో దులిపి, నా వైపు తిప్పింది. కుడిచేతిలో తామర ఉంది. అచ్చు వేసిన పువ్వు, గులాబీ రెక్కలతో, కొద్దిగా మరకతో, ఉన్నచోటే ఉంది.

“సూడు. మీ అమ్మ చెరిపింది నా పువ్వును. అమ్మవారి పువ్వు అమ్మవారి చేతిలోనే ఉండాది. ఇంటికి పోయి ఇదే మాట చెప్పు,” అంది.

పది రోజులుగా అమ్మతో నేను చేసిన వాదనలన్నీ ఆ పంచలో ఒక్కసారిగా చిన్నవైపోయాయి.

మొదటి వరస ఆరేలోగా సంగటి, ఊరిబిండి పెట్టింది. వేరుశనగల పచ్చడిని ఈ పక్క అలా అంటారు. తింటూ మళ్లీ అడిగాను, “ఆయన మీ పేరు మూసేసినాడు గదక్కా. మీకు కోపం రాలేదా?”

“పేరుకు నీకు మంట. నా మంట యాడంటే, ‘పాకాల పని ఏడాది నిలవదు’ అని కొన్నోళ్లు అంటుండారంట. అది ఇన్నప్పుడు తిండి సగించలే. నా పని నిలవక కాదు, నా మాట వాళ్లకు చేరక.”

“అయితే ఆయనకు పటాలివ్వడం ఆపేయండి.”

“ఆపేసి ఈ దేవుళ్లందరికీ సంగటి నేను పెట్టేదా? అమ్మేది ఆయనే. ఆయన్ని తిట్టొద్దు. ఆ లేబులు రెండంగుళాలు పైకి అంటించమను. సాలు.”

“అంతేనా?”

“అంతే. నేనొకదాన్నే పోయి అడిగితే ‘సూస్తాంలే’ అన్నాడు. పదిమంది పటాలు ఎత్తుకోని పోతే, సూడకుండా యాడ పోతాడు?”

ఆమె పెన్సిలే అడిగి తీసుకుని నా కాగితం మీద డిమాండ్లు ఒక్కొక్కటే కొట్టేశాను. క్షమాపణ కొట్టేసేటప్పుడు మాత్రం చెయ్యి కాసేపు ఆగింది. ఆమె గమనించి, “అది గూడా,” అంది. చివరికి కింద కొత్తగా రాసిన ఒకే వాక్యం మిగిలింది: లేబులు రెండు అంగుళాలు పైకి.

మూడో వరస పడి, రాళ్లు అద్ది, రంగు పూసేసరికి నాలుగైంది. రాళ్లకని ఇరవై రూపాయలు తీసుకుంది, పనికి తీసుకోలేదు. పటం వెనక పాత రాత మీదే ఈసారి సిరాతో, పెద్దక్షరాలతో దిద్దింది. సాయంత్రం పాసింజరులో తామర పైకుండేలా ఒళ్లో పెట్టుకుని, కదలకుండా కూర్చుని వచ్చాను. అంతసేపు కదలకుండా నేనెప్పుడూ కూర్చోలేదు.

అమ్మ ముందుగా పటాన్ని వెనక్కి తిప్పి, రాతను కూడబలుక్కుంటూ చదివింది. మునిరత్నమ్మ చెప్పిన మాట చెప్పాను. పైట చెంగుతో కళ్లు ఒత్తుకుంది. పొడివేలితో కుంకుమ తీసి అమ్మవారి నుదుట పెట్టి, “మరి దులపను కుంచె యాడరా?” అంది. అది తేవడం మర్చిపోయాను. పరిగెత్తుకుంటూ పోయి రంగులు వేసే కుంచె పన్నెండు రూపాయలకు కొనుక్కొచ్చాను.

కొట్టేసిన కాగితం ఇంకా నా జేబులోనే ఉంది. నా కోపం ఎక్కడికీ పోలేదు, పోనివ్వను కూడా. కానీ ఆ పంచలో ఒక వరస ఆరేదాకా రెండో వరస జోలికి పోకుండా కూర్చున్న ఆ పూట, నాకు ఏ సభలోనూ దొరకనంత హాయిగా గడిచింది. మీరు కూడా వెళ్లండి. పని చూడనిస్తుంది, అట్ట పట్టుకోమంటుంది. ఇక కొనేవాళ్లకు ఒక్క జాగ్రత్త: ఉబ్బెత్తు పటం ఏదైనా, ఎక్కడ కొన్నా, ఇంటికి తెచ్చాక లేబులు ఒక మూల లేపి వెనక ఏం రాసుందో చూడండి. మెత్తటి పొడి కుంచె ఒకటి పక్కనే పెట్టుకోండి.

మర్నాడు పూలావిడను మార్కెట్లో వెతికి పట్టుకున్నాను. నెమలి పోయిన సుబ్రమణ్యస్వామితో పాటు తన వీధిలోని మూడిళ్లవాళ్లనూ వెంటబెట్టుకుని ఆదివారం దుకాణానికి వస్తానంది. మునిరత్నమ్మ కూడా ఆ రోజు పొద్దున బండికే వస్తోంది, పాలప్యాకెట్ కవర్లలో సుద్ద నింపుకుని. చెడిన పటాలను అక్కడే బాగుచేసి ఇస్తుంది. మీ ఇంట్లోనూ అలాంటి పటం ఉంటే తీసుకురండి. వచ్చే ఆదివారం ఉదయం సరిగ్గా పది గంటలకు, తిరుపతి రైల్వేస్టేషన్ ముందు కలుద్దాం. అక్కడి నుంచి దుకాణానికి నడిచే పోతాం. నినాదాలు వద్దు, తిట్లు వద్దు, నా నోటికి నేనే హామీ. పటాన్ని మాత్రం వెనకవైపు బయటికి కనబడేలా పట్టుకోండి.