ఇరవై రెండుమంది ఏవండీలు

ఆ రోజుల్లో ఫోన్లకి బొత్తాలుండేవి. ఇంగ్లీషు 'సి' అక్షరం రావాలంటే ఒకే బొత్తాన్ని మూడుసార్లు నొక్కాలి, చెయ్యి కాస్త తడబడితే మళ్లీ మొదటికొచ్చేది. అందుకేనేమో, అప్పటివాళ్లు ఒకరికొకరు పంపుకున్న మాటలు తక్కువే అయినా ఒక్కోదాని మీదా ఎంతో కొంత కష్టం ఉండేది. యాప్ అనే మాట మా గోదావరి జిల్లాల దాకా ఇంకా రాలేదు. మేం చేసినదాన్ని సైటు అనేవాళ్లం. రాజమండ్రిలో ఒక చీరల కొట్టు పైన రెండు గదుల్లో మా కంపెనీ ఉండేది. రెండు జిల్లాల జనం అందులో చేరి ఫొటోలు పెట్టుకుని, కబుర్లు చెప్పుకుని, పుట్టినరోజు శుభాకాంక్షలు పంపుకోవాలన్నది మా ఎండీ గారి కల. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఇంట్లో సాఫ్ట్‌వేర్ అని చెప్పుకున్నాను గానీ, రోజంతా నేను చేసే పనల్లా జనం తలకిందులుగా పెట్టిన ఫొటోలని నిలబెట్టడమే.

ఒకరోజు ఎండీ గారు మొహం వేలాడేసుకుని వచ్చారు. పెళ్లిరోజుకి భార్యని కోరుకొండ తీసుకెళ్తానని మాటిచ్చి, ఆఫీసులో కూర్చుని మర్చిపోయారట. ఆవిడ రెండు రోజులుగా క్యారేజీ పంపుతున్నారు గానీ మాట్లాడటం లేదు. "మొగుడూ పెళ్లాలు రోజుకో గంటైనా కలిసి గడిపేలా మన సైటులో ఏదైనా పెట్టాలండి" అని గది చుట్టూ చూసి, చూపు నా దగ్గర ఆపారు. అక్కడ పెళ్లికాని వాణ్ణి నేనొక్కణ్ణే. పెళ్లయినవాళ్లకి ఇలాంటివి ఆలోచించే తీరిక ఎక్కడిదండీ అన్నది ఆయన వాదన. ఆ నెలాఖరుకి నా ఆరునెలల ప్రొబేషన్ పూర్తవుతోంది. "ఇది నిలబడితే మీరూ నిలబడ్డట్టేనండి. లేదంటే మీ దారి మీరు చూసుకోవాలండి" అన్నారు. (మా వైపు ఉద్యోగంలోంచి తీసేసేటప్పుడు కూడా అండీ చేర్చే తీసేస్తారు.)

నేను దానికి 'జంట గంట' అని పేరు పెట్టాను. ఆ పేరు తట్టిన రోజు ఆనందం పట్టలేక ఒక్కణ్ణే వెళ్లి రెండు ప్లేట్ల బజ్జీలు తిన్నాను. పద్ధతి తేలికే. భార్యకి ఎనిమిది కోరికల జాబితా ఇస్తాం. కాలువ గట్టు మీద నడక, గుడి, బజ్జీలబండి, సినిమా, కలిసి వంట, పాత ఆల్బమ్ చూడటం, పెళ్లిచూపుల కబుర్లు ఉన్నాయి అందులో. ఎనిమిదోది ఎంతకీ తోచక 'మీ ఇష్టం' అని రాసేశాను. ఆవిడ తనకి కావలసినదాని నంబరు మా సైటుకి మెసేజ్ కొడుతుంది. వెంటనే ఆయన ఫోన్‌కి 'మీ ఆవిడ ఈ పూట మీతో కలిసి ఫలానాది చేయాలనుకుంటున్నారు' అని ఇంగ్లీషు అక్షరాల తెలుగులో వెళుతుంది. ఆవిడ పేరు వేయలేదు. ఎవరికైనా ఉండేది ఒక్క ఆవిడే కదా అనుకున్నాను.

ఇక, ఏ ఆవిడకి ఏ ఆయన అన్నది కంప్యూటర్‌కి తెలియాలి. భార్య ఫారమ్‌లోనే భర్త ఫోన్ నంబరు అడిగేస్తే సరిపోయేదని మీకు ఈపాటికి తోచే ఉంటుంది. నాకు తోచలేదు. సినిమాలు చూసి సంసారం నేర్చుకున్నవాణ్ణి కాబట్టి, ప్రతి భార్యా భర్తని ఇద్దరికే తెలిసిన ముద్దుపేరుతో పిలుచుకుంటుందని గట్టిగా నమ్మాను. ఆ పిలుపునే తాళంచెవి చేశాను. 'మీరు ఆయన్ని ఏమని పిలుస్తారు?' అని ఆవిడ ఫారమ్‌లో, 'ఆవిడ మిమ్మల్ని ఏమని పిలుస్తారు?' అని ఆయన ఫారమ్‌లో పెట్టాను. రెండు పిలుపులూ కలిస్తే జంట కలిసినట్టే. ఎండీ గారు ఇది విని నా భుజం తట్టారు. ఆయనకి పెళ్లయి పదకొండేళ్లు, ఆయనకీ అనుమానం రాలేదు.

ప్రయోగానికి పాలకొల్లులో మా పిన్ని వాళ్ల వీధిని ఎంచుకున్నాం. పిన్ని చేత కాని పని లేదు, ఆవిడ మాట కాదనే ఇల్లు ఆ వీధిలో లేదు. బాబాయ్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇంట్లో ఆయన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పొద్దున్న పేపరు, సాయంత్రం ట్యూషన్లు, మధ్యలో భోజనం. పిన్ని ఆయన్ని ఏదైనా అడగ్గా నేనెప్పుడూ వినలేదు. మొగుడికీ పెళ్లానికీ చెరో ఫోనూ ఉన్న ఇళ్లని వెతికి, మొదట తమ ఇంటిది రాసి, మొత్తం ఇరవై రెండు జంటల ఫారాలు పిన్ని బస్సులో పంపింది. మా ఆఫీసులో టైపు చేసే అక్క వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. నేను వాటిని తెరిచి చూడలేదు, అవి దంపతుల రహస్యాలు కదా అని పెద్దమనిషి తరహా చూపించాను.

శనివారం సాయంత్రం అయిదున్నరకి నేనూ ఎండీ గారూ కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ఒకటి, రెండు, అయిదు, పది, చూస్తుండగానే ఇరవై రెండు మెసేజ్‌లూ వచ్చాయి, ఇరవై రెండూ వెళ్లాయి. ఎండీ గారు కింద నుంచి టీలు తెప్పించారు. ఏడు దాటాక ఆఫీసు ఫోన్ మోగడం మొదలుపెట్టింది. ఒకావిడ మా వారికేమీ రాలేదటండీ అంది. ఇంకొకావిడ చీర మార్చుకుని గంట నుంచి అరుగు మీద కూర్చున్నానంది. మూడో ఆవిడ ఏమీ అనలేదు గానీ ఫోన్ పెట్టేసిన చప్పుడు గట్టిగా వినిపించింది. నేను చెమటలు కక్కుతూ మెసేజ్‌లు ఎక్కడికి వెళ్లాయో వెతికాను. ఇరవై రెండూ ఒకే నంబరుకి వెళ్లాయి. ఆ నంబరు నాకు నోటికొచ్చు. మా బాబాయ్‌ది.

ఫారాలు తీసి చూస్తే అప్పుడర్థమైంది. పిలుపు అన్నచోట ఇరవై రెండుమంది ఆడవాళ్లూ, ఇరవై రెండుమంది మగవాళ్లూ ఒకే మాట రాశారు. ఏవండీ. కంప్యూటర్ పాపం ఏవండీ కోసం వెతికి, మొదట దొరికిన ఏవండీ దగ్గర ఆగిపోయింది. ఆ మొదటి ఏవండీ మా బాబాయ్. టైపు చేసిన అక్కని అడిగితే, "నేనూ మా ఆయన్ని అలాగే పిలుస్తాను. ఇంకేమని పిలుస్తాం?" అంది, నా వంక జాలిగా చూస్తూ. పుట్టినప్పటి నుంచి ఇంటింటా వింటున్న మాటే. అదొక పిలుపని నాకు ఏనాడూ తట్టలేదు. ఎండీ గారు టీ గ్లాసు పక్కన పెట్టి, సోమవారం మాట్లాడుకుందామండి అన్నారు. ఆయన తిట్టి ఉంటే కాస్త ధైర్యంగా ఉండేది.

ఆదివారం మొదటి బస్సుకి పాలకొల్లులో దిగాను. పిన్ని ఇంటికి తాళం. ఎదురింటావిడ నన్ను ఎగాదిగా చూసి, కాలువ గట్టు వైపు చెయ్యి చూపించింది. వెళ్లి చూద్దును కదా, బాబాయ్ ముందు, పిన్ని వెనక, ఇద్దరూ గట్టు మీద నడిచొస్తున్నారు. బాబాయ్ మధ్యమధ్యలో ఆగి పిన్ని కలిసేదాకా నిలబడుతున్నారు. నా కళ్లతో నేను చూసిన పెద్ద వింత అదే. నన్ను చూసి, "ఉండరా అబ్బాయ్, ఇంకో రౌండుంది" అని మళ్లీ వెనక్కి తిరిగారు.

ఇంటికొచ్చాక వంటింట్లో పిన్ని నన్ను నిలదీసింది. నిన్న సాయంత్రం బాబాయ్ ట్యూషన్ పిల్లల్ని పంపించేసి, ఒక తెల్లకాయితం మీద ఏదో రాసుకుని, పద అన్నారట. ముందు గుడి. క్షీరారామం చుట్టూ ప్రదక్షిణలు చేసి ఇంటికొచ్చి, మళ్లీ చెప్పులేసుకోమన్నారట. అలా గుడికి మూడుసార్లు. ఆ తర్వాత బజ్జీలబండికి నాలుగుసార్లు. ఉల్లిపాయలు తరుగుతానని వంటింట్లోకి వచ్చి, సగం తరిగి కళ్లు తుడుచుకుంటూనే పెళ్లిచూపులనాడు తను తొడుక్కున్న చొక్కా రంగు చెప్పారట. చేసిందల్లా కాయితం మీద ఎర్రసిరాతో టిక్కు పెడుతున్నారట. నేను జరిగింది చెప్పాను. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కింద కూర్చుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఇప్పుడే వెళ్లి బాబాయ్‌కి క్షమాపణ చెప్పుకుంటానని నేను లేచాను. పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"చెప్పకు. ఇంకా సినిమా మిగిలుంది."

సినిమా రెండుసార్లు వచ్చింది కాబట్టి ఆ రోజు మ్యాట్నీకీ, మళ్లీ మొదటాటకీ అదే సినిమాకి వెళ్లారు. నేను ఈలోగా మిగతా ఇరవై ఒక్క ఇళ్లకీ వెళ్లి తప్పు నాదని ఒప్పుకున్నాను. తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్లాను, కానీ ఎవరికీ నన్ను తిట్టే తీరిక లేదు. మాస్టారు తన భార్యని గట్టు మీద తిప్పడం వీధంతా చూసింది. అరుగు మీద గంటసేపు కూర్చున్న ఆవిడ, మెసేజ్ రాకపోతే మాత్రం నోరు లేదా అని మొగుణ్ణి అడిగిందట. ఆ సాయంత్రం కాలువ గట్టు మీద జనం తిరునాళ్లలా ఉన్నారు.

సోమవారం పొద్దున్న ఎండీ గారి ముందు తల వంచుకుని నిలబడ్డాను. ఆయన నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. అవతల బాబాయ్. నా బంధువని చెప్పుకోకుండా, ఆయన మొత్తం అయిదు మాటలు మాట్లాడారు. "మీ జంట గంట బాగుందండి. ఉంచండి." ఎండీ గారు ఫోన్ పెట్టేశారు. తర్వాత ఫోన్ నంబరు అడిగేలా ఫారం మార్చమని నాకు చెప్పి, ఆ మధ్యాహ్నమే భార్యని తీసుకుని కోరుకొండ వెళ్లిపోయారు. నా ఉద్యోగం నిలబడింది. సైటు మాత్రం మరో ఏడాదిన్నర బతికి, పెద్ద సైట్లు వచ్చాక చల్లగా మూతపడింది.

చాలా ఏళ్ల తర్వాత, బాబాయ్ రిటైరయ్యాక, ఇద్దరం గట్టు మీద నడుస్తుంటే ఉండబట్టలేక నిజం చెప్పేశాను. ఆయన నడక ఆపలేదు. "ఇరవై రెండూ మీ పిన్ని పంపదని నాకు తెలీదట్రా? లెక్కల మాస్టార్ని. ఆవిడ ఎప్పుడైనా ఏదైనా అడిగిందా? వాటిలో ఒకటి తనది. ఏదో తెలీలేదు. అడిగితే మీ ఇష్టం అంటుంది. అందుకని అన్నీ చేసేశాను" అన్నారు.

ఆ రోజు ఇరవై రెండు మెసేజ్‌లలో ఎనిమిదో నంబరు, అదే 'మీ ఇష్టం', ఒక్కసారే వచ్చింది, అది పిన్ని ఫోన్ నుంచే వచ్చింది. ఆ సంగతి ఆయనకి చెప్దామని నోటిదాకా వచ్చి ఊరుకున్నాను.

ఇప్పటికీ నా పని అదే, జనం చేతిలో ఫోన్లకి ఏవో హంగులు తయారుచేయడం. మొగుడూ పెళ్లాల కోసం యాప్‌లో ఏదైనా పెడదామని కుర్రాళ్లు మీటింగులో అన్నప్పుడల్లా, పెళ్లంటే తెలియకుండా పిలుపుని తాళంచెవి చేసిన ఆ ఇరవై నాలుగేళ్లవాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడిమీద కోపం రాదు. వాడు తప్పు చేయకపోతే మా పిన్ని ఆ సినిమా చూసి ఉండేది కాదు. మా ఆవిడ నన్ను ఏవండీ అనదు, పేరు పెట్టే పిలుస్తుంది. మొన్న సాయంత్రం ఇద్దరం చెరో ఫోనూ చూసుకుంటూ కూర్చున్నప్పుడు, అలా బయటికి వెళ్లొద్దామా అని అడిగాను. తను తలెత్తకుండా "నీ ఇష్టం" అంది. నేను ఒక తెల్లకాయితం వెతుక్కున్నాను.