పుట్టగొడుగుల ఎరువులో పుంటికూర

మా అత్తమ్మ పుట్టగొడుగుల్ని వంటింట్లోకి రానివ్వదు. అవి కూరగాయలో, మాంసమో ముందు తేలితే తప్ప తన కంచంలో పెట్టొద్దంటుంది. హనుమకొండలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయిన మనిషి; ఎటూ తేలని వాటితో ఆవిడకు పడదు. ఆవిడ మా ఇంట్లో ఉన్న వేసవిలోనే మేం ఒక ట్రక్కు నిండా పుట్టగొడుగుల ఫారం చెత్త తెచ్చి పోసుకున్నాం.

మేముండేది వర్జీనియాలో, ఆష్‌బర్న్‌లో. ఇల్లు కొన్నప్పుడు పెరడు చూసి మురిసిపోయాను కానీ, పార దిగాక అసలు సంగతి తెలిసింది. ఇల్లు కట్టినవాళ్లు పైనున్న మంచి మట్టంతా ఎత్తేసి, కింది ఎర్రబంకమట్టి మీద పచ్చగడ్డి చాపలా పరిచేశారు. వాన పడితే జిగురు, ఎండ కాస్తే ఇటుక. ఏటా బెండ విత్తనాలు వేసేదాన్ని. మొక్కలు మోకాలెత్తు దాటకుండానే నాలుగు కాయలు కాసి ఊరుకునేవి.

మా ఆయన ఆఫీసులో ఒకాయన చెప్పాడట, పెన్సిల్వేనియాలో పుట్టగొడుగులు పండించే ఊళ్లున్నాయనీ, వాళ్లు వాడి పారేసిన ఎరువును అడిగినవాళ్లకు ఇస్తారనీ. ఓ శనివారం పికప్ ట్రక్కు రెంట్‌కి తీసుకుని ఇద్దరం బయల్దేరాం. కిటికీలు లేని పొడవాటి షెడ్లు, వాటి వెనక ఆవిరి కక్కే నల్లటి గుట్టలు. గడ్డి, గుర్రపు లద్ది, కోళ్ల ఎరువు, జిప్సం కలిపి మాగబెట్టి, దాని మీద పుట్టగొడుగులు పెంచుతారని అక్కడి మేనేజరమ్మ చెప్పింది. కొన్ని కోతలయ్యాక కాపు తగ్గిపోతుంది. అప్పుడు దానికి ఆవిరి పట్టించి బయట పోసేస్తారు. చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా, వెచ్చగా ఉంది. మా బంకమట్టిని తలచుకుని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంటికొచ్చి ట్రక్కులోది దింపుతుంటే అత్తమ్మ కాఫీ కప్పుతో గరాజ్‌లోంచి బయటికొచ్చింది.

"ఏందిది? గీ వాసనేంది?"

"ఎరువమ్మా," అన్నాడు మా ఆయన.

"దేని ఎరువు?"

ఆయన నా వైపు చూశాడు. చెప్పక తప్పింది కాదు. "పుట్టగొడుగుల ఫారంది అత్తమ్మా. పుట్టగొడుగులన్నీ కోసేశారు. ఇది మిగిలిన చెత్తే."

"కోసినంక గూడ గింత వాసనొస్తదా?" అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికెళ్లిపోయింది.

పక్కింటి ముసలాయన మాత్రం కంచె మీద మోచేతులాన్చి గుండెల నిండా గాలి పీల్చాడు. చిన్నప్పుడు గుర్రాల మధ్య పెరిగాడట. ఈ వాసనకు ఇల్లు గుర్తొస్తోందంటూ తన తోపుడుబండి కూడా తెచ్చి మాకు సాయం పట్టాడు.

చెక్కలతో మడులు కట్టి, అంచుల దాకా ఆ ఎరువే నింపాం. మట్టి కలపనే లేదు. మంచిది ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకున్నాం. కిటికీ దగ్గర నేను పెంచుకున్న బెండ, వంగ, మిరప నారు తెచ్చి నాటాను. వారం తిరక్కుండానే ఆకుల అంచులు ఇస్త్రీపెట్టె తగిలినట్టు మాడిపోయాయి. నీళ్లు చాల్లేదేమోనని పొద్దునా సాయంత్రం పోశాను. తెగులేమో, మందు ఆర్డర్ చేద్దామా అన్నాడు మా ఆయన. నాకైతే ఏడుపొక్కటే తక్కువ.

అంతవరకూ అటు తొంగిచూడని అత్తమ్మ ఆ రోజు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మడి దగ్గరికొచ్చింది. ఓ మాడిన ఆకు తుంపి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఒక గాజు సీసా తే. కాఫీ ఫిల్టర్ కాయితం గూడ."

గుప్పెడు ఎరువు సీసాలో వేసి, నీళ్లు పోసి గిలకొట్టింది. కాసేపు ఆగి వడకట్టింది. టీ రంగు నీళ్లొచ్చాయి. వాటిని పాత స్టీలు గరిటెలో పోసి స్టవ్ మీద పట్టుకుంది. నీళ్లన్నీ ఇగిరిపోయాక గరిటె అడుగున గోధుమరంగు పొర, దాని చుట్టూ తెల్లటి పలుకులు మిగిలాయి. మేమిద్దరం ల్యాబ్‌లో పిల్లల్లా చెరోపక్కన నిలబడ్డాం.

"చూసినవా? ఉప్పు! ఆవకాయ జాడిలో మొక్క నాటినట్టు చేసినవ్ బిడ్డా."

"ఉప్పంటే కూరలో వేసేదేనా అత్తమ్మా?"

"గదొక్కటే కాదు. పొటాషియం, కాల్షియం, సల్ఫేట్లు, అన్నుంటయి. మొక్కకు కావల్సినయే. కానీ ఒక్కసారే గింత పెడితే వేరు నీళ్లు గుంజలేదు."

"అయితే ఇదంతా పారేయాల్సిందేనా?"

"ఎందుకు పారేసుడు? కడుక్కొని వాడుకుందాం."

ఆ సాయంత్రమే పని మొదలైంది. మడులు ఖాళీ చేసి, ఎరువును పెరటి మూల పలచగా పరిచి హోస్‌తో తడిపాం. తర్వాతి వానలు మా పని తేలిక చేశాయి. అత్తమ్మ మధ్యమధ్య గరిటె పరీక్ష చేసేది. తెల్ల పలుకులు తగ్గుతున్నకొద్దీ ఆవిడ ముఖం వెలిగేది. చివరికి ఒక తట్ట ఎరువుకు మూడు తట్టల ఎర్రమట్టి చొప్పున కలిపించింది. కొడుకు చెమటలు కక్కుతూ తవ్వుతుంటే, తను కుర్చీ వేసుకుని "జర లోపటికి తవ్వు" అంటూ కూర్చుంది.

ఈసారి నారు లేదు, నేరుగా బెండ, ఆకుకూర విత్తనాలే. నేను గోంగూర అన్నాను, ఆవిడ పుంటికూర అంది. నేను భీమవరందాన్ని, ఊరుకోలేదు. పొట్లంలోని విత్తనాలు మాత్రం ఒకటే కాబట్టి చల్లేశాం, వాదన మొలకలొచ్చేదాకా సాగింది.

జూలై వానలకు మడిలో గోధుమరంగు గొడుగులు నాలుగు లేచాయి. అత్తమ్మ పీకేస్తుందేమోనని భయపడ్డాను.

"ఉండనీ. మిగిలిన గడ్డిని గవ్వి తింటున్నయి. వాటి పని అవి చేసుకుంటున్నయి," అని ఫోన్‌లో ఫొటో కూడా తీసుకుంది.

ఆ మట్టిలోకి ఇప్పుడు చేతివేళ్లు తేలిగ్గా దిగేవి. తవ్వినచోటల్లా వానపాములు కనిపించేవి. బెండ నా తల దాటింది, రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరిపోయేది. పుంటికూర కోసినకొద్దీ చిగురేసింది. పప్పు, పచ్చడి, పులుసు అన్నీ అయ్యాయి. పక్కింటాయనకిస్తే పచ్చి ఆకు నమిలి, పులుపుకు కళ్లు మూసుకుని, ఇంకో ఆకు తుంచుకున్నాడు.

అయినా మిగులుతూనే ఉండేసరికి ఆదివారాలు కట్టలు కట్టి కారు డిక్కీలో పెట్టుకుని గుడికి తీసుకెళ్లేవాళ్లం. పార్కింగ్‌లో డిక్కీ తెరవగానే జనం మూగేవారు. "ఏం వేశారండీ, ఇంత ఏపుగా ఉంది?" అని ఎవరైనా అడిగితే చాలు, మా ఆయన గుర్రపు లద్ది దగ్గర్నుంచి గరిటె పరీక్ష దాకా చెప్పేవాడు. వాళ్లు కట్టను ఓసారి వాసన చూసి, నవ్వి, ఇంకో కట్ట అడిగి తీసుకునేవారు. అత్తమ్మా నేనూ లోపల హారతి తీసుకుని వచ్చేసరికి డిక్కీ ఖాళీ అయ్యేది. మా ఆయన మాత్రం ఎవరికో బంకమట్టి గురించి వివరిస్తూనే ఉండేవాడు. ఆ వేసవిలో ఆయన గుడి దాకా వచ్చి దేవుణ్ణి చూడకుండా తిరిగొచ్చిన ఆదివారాలే ఎక్కువ.