చెదిరిన అంచుకే హక్కు కావాలి

పోయిన దసరాకి నాయిన కట్టిన డిజైను పండగ దాటకముందే ప్రింటు చీరై, దిల్‌సుఖ్‌నగర్‌లో మా కొట్టుకు ఎదురుగా వేలాడింది. నాయిన చూసి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. మాది పోచంపల్లి నేత కుటుంబం. నూలుకు ముందే ముడులు కట్టి, రంగుల్లో ముంచి, ఆ తర్వాతే మగ్గమెక్కిస్తాం; ఇక్కత్ అంటే అదే. ఈసారి కొత్త డిజైన్ బయటికి రాకముందే నాయిన పేరున రిజిస్టర్ చేయించాలని పట్టుబట్టాను.

ఎల్బీ నగర్‌లో ఉండే ఏజెంటుగారు డిజైన్లు రిజిస్టర్ చేసే ఆఫీసుకు అర్జీ పంపారు. కొన్నాళ్లకు రెండు అభ్యంతరాలు వచ్చాయి. బొమ్మ అంచులు స్పష్టంగా లేవట, వెనకవైపు చూపలేదట.

"గీతలు కంప్యూటర్లో నీటుగా దిద్దించేద్దామండీ. ఇట్టే పనైపోతుంది," అన్నారాయన.

వెనకవైపు సంగతి మా పొరపాటే. ఇక్కత్‌కు రెండు వైపులా ఒకటే బొమ్మ. మా ఇంట్లో చీర ఎటు తిప్పి కట్టుకున్నా అడిగేవాళ్లు లేరు. ఆ అలవాటు కొద్దీ ఒక వైపే ఫొటో తీసిచ్చాం. అంచుల మాట వేరు. ముడి కింద రంగు కాస్త పాకుతుంది, నేతలో పోగు వెంట్రుకవాసి జరుగుతుంది. అది దిద్దడానికి వీళ్లెవరు?

"కాగితమే గద బిడ్డా. దిద్దితే ఏం పోతది?" అన్నాడు నాయిన. అర్జీ కొట్టేస్తారని ఆయన భయం.

"దిద్దినంక అది నీ చీరె ఎట్లయితది నాయినా? గంత నీటు గీతలు ప్రింటుకే ఉంటయి. ఎదురు కొట్టోని ప్రింటుకు మనమే హక్కు రాయించినట్టయితది."

విచారణ వీడియోలో జరిగింది. "స్పష్టత లేకపోతే దేనికి రక్షణ ఇచ్చామో రేపు ఎవరికి తెలుస్తుంది?" అన్నారు అధికారి. ప్రశ్న న్యాయమైనదే. అయినా నేను తగ్గలేదు.

"ఫొటో స్పష్టంగానే ఉంది సార్. చెదిరింది రంగు. ఆ చెదురుకే మాకు రక్షణ కావాలి."

రెండు వైపులా దగ్గరగా ఫొటోలు తీసి, అంచుల చెదురు డిజైన్‌లో భాగమేనని రాసి పంపమన్నారు. ఒప్పుకుంటామని మాత్రం మాటివ్వలేదు.

ఏజెంటుగారికి ధైర్యం చాలలేదు. ఎందుకైనా మంచిదని దిద్దించి ఉంచిన బొమ్మను నాయిన ముందుకు జరిపి పెన్ను అందించారు. నాయిన ఆ గీతల మీద వేలు పెట్టి, చివరిదాకా చూసి, పెన్ను తిరిగిచ్చేశాడు.

"గిది నేను కట్టింది గాదు సార్. సంతకం పెట్ట."