కొండల లెన్సులో అవ్వ

ఆ కరువు కాలంలో ఎద్దులకు మేత దొరకడమే గగనం. అందుకే నెల్లూరు నుంచి ఉదయగిరికి బయలుదేరే ముందు బండిలో బరువు తగ్గించక తప్పలేదు. ఊరూరా తిరిగి ఫోటోలు తీయడం నా వృత్తి. నల్లగుడారం, మందు సీసాలు, గాజు పలకలు, నీళ్ల పీపా లేకుండా పని జరగదు. ఇక తగ్గించగలిగింది లెన్సులే. నా దగ్గర రెండుండేవి. ఒకటి చెంబంత ఇత్తడిది, ముఖాలకు. వెలుతురును దండిగా లోపలికి తీసుకుంటుంది కాబట్టి మనిషి కాసేపు ఊపిరి బిగబడితే చాలు. కానీ ముఖం తప్ప వెనకున్నదంతా మసకే. రెండోది చిన్నది. గుమ్మం మొదలు కొండకొన దాకా అన్నీ తేటగా చూపిస్తుంది. కాకపోతే మహా నిదానం. దాని ముందు మనిషి రాయిలా కూర్చోవాలి.

నేను చిన్నదే తీసుకున్నాను. మనుషుల తల కదలకుండా పట్టే ఇనప కర్ర కూడా పెద్ద లెన్సుతోబాటే ఇంట్లో ఉండిపోయింది. నాకు కొండలంటే ప్రాణం. కొండ కదలదు, దగ్గదు, తీసిన పటం చూసి నా ముక్కు ఇట్లా లేదని అలగదు.

"మనుషులు వద్దా మీకు?" అంది నా భార్య, సీసాలకు పాత గుడ్డలు చుడుతూ.

"ఎందుకు, నువ్వు లేవా?"

"నన్ను ఎప్పుడన్నా తీసినారా?"

నవ్వేశాను. గుడారంలో, చీకట్లో, పలకకు మందు పూసేది ఆమే. లోపలుండే మనిషి బయట పటంలో ఎట్లా పడుతుంది?

ఉదయగిరిలో కోటనూ కొండనూ కరువుదీరా తీసుకున్నాను. తిరుగుదారిలో ఆత్మకూరులో మా అవ్వ దగ్గర దిగాము. తల్లి లేని నన్ను పెంచింది ఆమే. పటం తీస్తే ఆయుస్సు తగ్గుతుందని ఆమె నమ్మకం. ఎన్నిసార్లు బతిమాలినా కెమెరా ముందుకు రాలేదు. ఈసారి చూస్తే మనిషి సగమైపోయింది. తన గంజి పక్కింటి పిల్లలకు పోస్తోందట. తల సన్నగా వణుకుతోంది.

మరునాడు పొద్దున ఆమే అడిగింది.

"అబ్బయ్యా, నన్నొక పటం తియ్యరా."

"ఆయుస్సు తగ్గుద్దంటివే?"

"ఇంకేముండాది తగ్గేదానికి? నేను పోయినాక నువ్వు చూసుకునేదానికి ఏదన్నా ఉండాల గదా."

నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లకు ఆమె సరేనంటే నా దగ్గరున్నది కొండల లెన్సు. నెల్లూరు వెళ్లి పెద్దది తెచ్చేదాకా ఆమె ఉంటుందన్న ధైర్యం లేదు. అరుగు మీద కూర్చోబెట్టి తీశాను. చీర మడతలు, పక్కన చేట, చేటలో గింజలు కూడా వచ్చాయి. ముఖం మాత్రం చెరిగిపోయింది. మళ్లీ తీశాను, మళ్లీ అంతే. పీపాలో ఇంకొక్క పలక కడగడానికే నీళ్లున్నాయి. బావులు అడుగంటిన ఊళ్లో తాగే నీళ్లు అడగడానికి నాకు నోరు రాలేదు.

నా భార్య చివరి పలకకు మందు పూసి తెచ్చి నా చేతికిచ్చింది. అది తడి ఆరేలోగా తీయాలి. ఆమె తిరిగి గుడారంలోకి పోలేదు. అరుగెక్కి అవ్వ వెనక కూర్చుంది.

"కింది మెట్టు మీదికి జరుగవ్వా, పేలు చూస్తాను."

"ఇప్పుడు పేలేంది అమ్మణ్ణీ!" అంటూనే అవ్వ జరిగి, ఆమె మోకాళ్లకు ఆనుకుంది. రెండు చేతుల మధ్య తల ఒదిగింది. జుట్టులో వేళ్లు కదిలేసరికి అవ్వ కళ్లు సగం వాలాయి, వణుకు ఆగింది. నా భార్య వేళ్లు ఆపి నావైపు చూసింది. నేను లెన్సు మూత తీశాను.

గాజు మీద బొమ్మ తేలేందుకు, కడిగిన పలక వెనక నల్లగుడ్డ పెట్టి చూశాము. అవ్వ ముఖం తేటగా, హాయిగా ఉంది. ఆమె వెనక నా భార్య, ఇంటి పక్కన ఎండిన చేలు, దూరాన కొండల వరస, అన్నీ ఉన్నాయి. పెద్ద లెన్సయితే ఇందులో అవ్వ తప్ప ఎవరూ మిగిలేవారు కాదు.

"నీ పెళ్లాం బాగా పడిందిరా," అంది అవ్వ.

వానలు పడకముందే అవ్వ పోయింది. కబురు వచ్చిన రోజు నేను ఆ పలక బయటికి తీసి అవ్వ ముఖం చూస్తూ కూర్చున్నాను. నా భార్య వచ్చి పక్కన కూర్చుంది. తను మాత్రం అవ్వ ముఖం చూడడం లేదు. పటంలో అవ్వ తలను పట్టుకున్న తన చేతులనే చూస్తోంది.

"ఆ తల బరువు ఇంకా నా చేతుల్లో ఉండాది," అంది.